భక్తికి ముందు విభక్తి

పోయిన మా తెలుగు మేడమ్ పుస్తకం వెనక అట్ట మీద వేయడానికి నాలుగు వాక్యాలు రాసిమ్మన్నాడు మా ప్రెస్సు యజమాని. నాలుగంటే నాలుగే. ఫొటో పక్కన పట్టాలట.

"పేరు ముందర కీర్తిశేషులు పెట్టుండ్రి మేడమ్. పుట్టిన ఊరు, చదువు, ఎన్నేండ్లు పాఠం చెప్పింది, ఆఖరుకు గొప్ప దేశభక్తురాలు అని కొట్టుండ్రి. పిల్లలకు జర జోష్ వస్తది."

ఇరవై ఏళ్ళకు పైగా నారాయణగూడలో ఆయన దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతున్నాను. ఎవరెవరి గొప్పలో వెనక అట్టల మీద రాశాను, బతికున్నవాళ్ళవే ఎక్కువ. ఒక్క పూట పని. ఇది మాత్రం నాలుగు రోజులుగా కదలడం లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే నడవబుద్ధి. నిన్న సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంటికి పోవాల్సినదాన్ని అశోక్‌నగర్ అంతా రెండు చుట్లు తిరిగాను. హాస్టల్ బోర్డులు, జిరాక్స్ దుకాణాలు, మెట్ల మీద కూర్చుని పెదవులు కదుపుతూ బట్టీ పడుతున్న పిల్లలు. ప్రతి మలుపులోనూ ఆమె గొంతే. "ఏయ్ చిక్కడపల్లి, గంత తొందరెందుకే నీకు?"

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు. ఆమె రాసిన ఈ తెలుగు వ్యాకరణం ప్రశ్నల పుస్తకం పాత ముద్రణలో ఒక జవాబు తప్పు పడింది. ఆ తప్పు ఆమె పేరు మీద ఉంది. చేసింది నేను. దానివల్ల ఒక పిల్లకు ఉద్యోగం చేజారింది. ఆ పిల్లకు ఇవాళ్టిదాకా అసలు మాట తెలియదు. ఇప్పుడు కొత్త ముద్రణ. అది చెప్పకుండా నాలుగు వాక్యాలు రాయాలంటే చేయి రావడం లేదు. చెప్పాలంటే నోరు రావడం లేదు. నోరు రాకపోవడం నా జన్మలో ఇదే మొదటిసారి కాబట్టి ఏం చేయాలో కూడా తెలియడం లేదు.

పుట్టిన ఊరు రాయమన్నాడు యజమాని. నాకు తెలియదు. ఎదురైన ప్రతి మనిషినీ ఊరు అడిగిన ఆమె తన ఊరు మాత్రం చెప్పేది కాదు. అడిగితే, "అశోక్‌నగర్" అనేది.

"అంతకు ముందు?"

"అంతకు ముందు నేను పుట్టలే."

ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో కిరాయికి ఉన్న మనిషి. రెండు గదులు, ఒక బీరువా, దాని పైన అటక దాకా నిఘంటువులు. భుజం దగ్గర నలిగిన నూలు చీర, కాళ్ళకు తెల్ల కాన్వాస్ బూట్లు, కళ్ళజోడు డబ్బాలో కళ్ళజోడుకు బదులు సుద్దముక్కలు. కళ్ళజోడు ఎప్పుడూ తల మీద ఉండేది, దానికోసం ఎప్పుడూ వెతుక్కునేది.

ఇక దేశభక్తురాలు అన్న మాట. ఆమె ఎదుట ఎవరైనా ఆ మాట వాడితే ఏమయ్యేదో యజమానికి తెలియదు. ఆమె చూపుడు వేలు లేచేది. "విప్పు" అనేది.

ఏ మాటనైనా విప్పాల్సిందే. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు విగ్రహవాక్యం మేడమ్. బడి వదిలేసి చాలా కాలమైనవాళ్ళకు గుర్తు చేస్తున్నాను: రెండు మాటలు అతుక్కుంటే సమాసం. ఆ అతుకు విప్పి, మధ్యలో ఏ విభక్తి దాక్కుందో బయటికి లాగి చెప్పేది విగ్రహవాక్యం. రాజభటుడు అంటే రాజు యొక్క భటుడు. 'యొక్క' ఉంది కాబట్టి షష్ఠి, ఆరో విభక్తి. మనం పరీక్షకు చదివి మరిచిపోయాం. ఆమె దానితోనే బతికింది. నాకు తలనొప్పిగా ఉందంటే, "తలయందు నొప్పి, సప్తమి. చాయ్ తాగు, పోతది" అనేది. నేను అత్తగారింటి నుంచి పెట్టె సర్దుకుని చిక్కడపల్లి వచ్చేసిన ఏడాది, ఊరంతా నాకు నీతులు చెబుతున్న రోజుల్లో, ఆమె ఒక్కతే వ్యాకరణం చెప్పింది. "అత్తారిల్లు విప్పు. అత్తవారి యొక్క ఇల్లు. షష్ఠీ తత్పురుషం. గందుకే అండ్ల నీకు జాగ లేదు. ఏడ్వకు." ఏడుస్తూనే నవ్వాను.

ప్రెస్సు నుంచి కట్టలు పంపితే దారం తెంపేది కాదు. గోళ్ళతో ముడి విప్పేది. పది నిమిషాలైనా సరే. నా సంచీలో కత్తెర ఉంటుంది, తీసి ఇస్తే నా వైపు జాలిగా చూసేది. "తెంపితే ముడి ఎట్ల పడ్డదో ఎప్పటికీ తెల్వది" అనేది. కట్టలో ఏముందో చూసుకునే తొందర నాది, ముడి ఎలా పడిందో చూసే ఓపిక ఆమెది. మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ళ కొట్లాటంతా ఇంతే.

క్లాసులో ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు. పల్లెల నుంచి వచ్చి, హాస్టళ్ళలో నలుగురికి ఒక గదిలో ఉంటూ సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు వాళ్ళంతా. "కల్వకుర్తి, లే. ఆర్మూర్, కిటికీ తెరువు. ఏయ్ మణుగూరు, పండుకునేదుంటే హాస్టల్ల పండుకో." మొదట్లో వాళ్ళకు కోపం వచ్చేది. ఒకడు అడిగేశాడట, "మాకు పేర్లు లెవ్వా మేడమ్?" అని. దానికి ఆమె చెప్పిన జవాబు ఆ క్లాసు నుంచి ఈ క్లాసుకు పాకి అశోక్‌నగర్‌లో సగం మందికి నోటికొచ్చు.

"ఇంగ్లీషుల పేట్రియాట్ అంటరు, యాదికుందా? దాన్ని విప్పు. గ్రీకోళ్ళ మాట అది. తండ్రి అన్న మాటకెళ్ళి తండ్రి నేల, దానికెళ్ళి ఆ నేల మనిషి. మొట్టమొదల దానికి ఏం అర్థం ఉండెనో ఎరికేనా? మనూరోడు. గంతే. ఎక్కడో పరాయి జాగల ఒకడు కనబడితే, అరే, మనూరోడే గదా అంటం చూడు, గదీ. జెండాలు, డప్పులు ఎన్కకెళ్ళి వచ్చి అతుక్కున్నయి. నడుమ కొన్ని దినాలు ఆ మాటను ఎక్కిరింపుకు గూడ వాడిండ్రు. నేను నిన్ను కల్వకుర్తి అంటే, పేట్రియాట్ అని పిలిచినట్టే బిడ్డా. ఇంక నీ పేరెందుకు?"

"గ్రీకు మీరెక్కడ నేర్చుకున్నరు మేడమ్?" అని నేను గిల్లాను ఒకసారి.

"చిక్కడపల్లి లైబ్రరీల. నువ్వు ఆ గల్లీలనే పుట్టినవు. అది దేనికున్నదనుకున్నవు, ఫ్యాన్ గాలికా?"

ఒక ఆగస్టు పదిహేనున ఆమె పాఠం చెప్పే కోచింగ్ సెంటర్ డాబా మీద జెండా ఎగరేశారు. పుస్తకాల కట్టలు దించడానికి వెళ్ళి నేనూ ఇరుక్కున్నాను. డైరెక్టర్ సార్ మైకులో అరగంట ఊగిపోతూ చెప్పి, చివర గొంతు పెంచాడు. "దేశభక్తుడంటే ఎవరు? దేశం కోసం ప్రాణం ఇచ్చేటోడు!" చప్పట్లు. తర్వాత మైకు ఆమెకిచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

"సార్ మంచిగ చెప్పిండ్రు. కాని 'కోసం' అంటే చతుర్థి. ఈ సమాసంల చతుర్థి లేదు. ప్రాణమైతే అసలుకే లేదు. ఉన్నయి రెండే మాటలు. విప్పుదాం. దేశం ఎక్కడుంది? వేలు వెట్టి చూపెట్టుండ్రి."

ఒకడు జెండా వైపు చూపించాడు. "అది దేశం యొక్క జెండా. దేశమేదీ?" ఇంకొకడు ఉత్తరం దిక్కు చేయి చాచాడు, సరిహద్దు అన్నాడు. "గంత దూరమా? ఇంక జర దగ్గర." ఒక పిల్ల పాట ఎత్తుకోబోయింది. "పాట వద్దమ్మా, వేలు గావాలె." బర్కత్‌పుర వైపు, కింద రోడ్డు వైపు, ఎదురు హాస్టల్ వైపు వేళ్ళు తిరిగాయి. "ఇంక దగ్గర. ఇంక జర." నవ్వులు మొదలయ్యాయి, ఆగిపోయాయి. చివరికి డాబా మీద ఉన్న పిల్లలంతా వేళ్ళు కిందికి దించి తాము నిలబడ్డ గచ్చును చూపిస్తున్నారు.

"దిశ్ అంటే చూపెట్టుడు. దాంట్లకెళ్ళే దేశం పుట్టింది. వేలు వెట్టి ఇదీ అని చూపెట్టగలిగిన జాగ దేశం. చూపెట్టలేనిది ఉత్త ఊహ. ఇగ భక్తుడు. భజ్ అంటే పంచుకునుడు. భాగం, విభాగం, విభక్తి అన్నీ ఒక్క తల్లి పిల్లలే. పెద్ద నిఘంటువు తెరువుండ్రి, భక్తమంటే అన్నమని ఉంటది. కొబ్బరికాయ, హారతి ఎన్కకెళ్ళి వచ్చినయి. ఉన్న జాగల, ఉన్నది పంచుకుని, తన వంతే తినేటోడు భక్తుడు."

డైరెక్టర్ ఊరుకుంటాడా? "మరి ప్రాణాలిచ్చినోళ్ళు తక్కువనా మేడమ్?"

"ఎక్కువ సార్. వాళ్ళ వంతు మొత్తం మనకు ఇడిచిపెట్టి పోయిండ్రు. నేననేది ఒకటే. పక్కోని వంతు గుంజుకునేటోడు గూడ ఆ పేరే పెట్టుకుంటే, పేరు ఏం గావాలె?"

మైకు చేతులు మారింది. ఆ తర్వాత నెల ఆమెకు పొద్దుటి బ్యాచ్ ఇవ్వలేదు. నేను మండిపడ్డాను. ఆమె మాత్రం, "మంచిదే, లైబ్రరీకి పొద్దుగాల పోవచ్చు" అంది. అలాంటి చోట ఆమెకు కోపం రాకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు నా తప్పు.

పుస్తకం రాస్తున్నప్పుడు ఆమె ఇచ్చిన ప్రశ్నల్లో అది కూడా ఉంది: దేశభక్తుడు ఏ సమాసం? నాలుగు ఎంపికలు. రెండోది షష్ఠి, మూడోది సప్తమి. ఆమె జవాబు మూడు. దేశమునందు భక్తుడు. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చుని, సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్న మనిషితో నేను పేచీ పెట్టుకున్నాను.

"రామభక్తుడు అంటే రాముని యొక్క భక్తుడు అంటారా లేదా? మరి దేశానికి ఒక న్యాయం, రాముడికి ఒక న్యాయమా?"

"రాముడు ఒకరిని తనోన్ని జేసుకుంటడు. దేశం ఎవ్వరిని కొనుక్కోదు. 'యొక్క' అంటే సొమ్ము. నా యొక్క బర్రె, నా యొక్క ఇల్లు. 'అందు' అంటే ఉన్న చోటు. చెంబు అందు నీళ్ళు. చెంబు నీళ్ళది గాదు, నీళ్ళు చెంబువి గావు. కలిసి ఉన్నయి. భక్తి గట్ల ఉండాలె."

"ఇది వ్యాకరణం కాదు మేడమ్, కవిత్వం."

"నీకు రెండూ రావు, చాయ్ తాగు."

పక్క బల్ల దగ్గర ముసలాయన ఫక్కుమన్నాడు. నాకు అది తగిలింది. వ్యాకరణం రాదని నన్నెవరూ అనలేదు అప్పటిదాకా. బీయే తెలుగులో మా కాలేజీకి మొదటిదాన్ని నేను.

ఆఖరి ప్రూఫు వచ్చిన వారంలో ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. "నువ్వే చూసి పంపు. నీ మీద నాకు భరోసా ఉంది" అని కబురు పెట్టింది. ఆ పుస్తకంలో జవాబులు చివరి పేజీల్లో అంకెల వరుసగా ఉంటాయి. ఎర్ర పెన్నుతో 3 కొట్టేసి పక్కన 2 అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? నాకు అనుమానం కూడా రాలేదు. నేనే కరెక్టు అనుకున్నాను. వాదనలో ఓడిపోయినదాన్ని, ఆమెకు కళ్ళు కనబడని వారంలో అచ్చులో గెలిచాను.

ఎవరూ గమనించలేదు. ఆమె క్లాసులో తన సొంత నోట్సుతోనే చెప్పేది, అక్కడ సప్తమే. క్లాసుకు రాలేనివాళ్ళు పుస్తకం నమ్ముకున్నారు.

టీచర్ పోస్టుల పరీక్ష అయ్యి, సర్కారు జవాబుల మొదటి కీ వచ్చిన మరునాడు, ఒక పిల్ల మా ప్రెస్సు మెట్లెక్కి వచ్చింది. భుజాన సంచీ, చేతిలో అట్ట నలిగిన మా పుస్తకం. ఇంకో పుస్తకం పని మీద మేడమ్ నా ఎదురు కుర్చీలోనే ఉంది.

"ఈ పుస్తకం రాసిందెవరు?"

"నేనే. ఏ ఊరు బిడ్డా మీది?"

"అచ్చంపేట. ఊరెందుకు గాని, ఈ దేశభక్తుడు ప్రశ్నకు మీరు రెండు అని ఇచ్చిర్రు. సర్కారోళ్ళు మూడు అంటున్నరు. నేను కోచింగ్‌కు పోలే. రెండేండ్లు లైబ్రరీల కూసోని ఈ ఒక్క పుస్తకమే తిన్న. నాకు అంచు మీద ఉన్నయి మార్కులు. ఇంట్ల ఇదే ఆఖరుసారి అన్నరు."

మేడమ్ పుస్తకం తీసుకుంది. చివరి పేజీలు తిప్పి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అంకెల మీద వేలు నడిపింది. వేలు ఒకచోట ఆగింది. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. చూసినా బాగుండేది.

"సర్కారుదే కరెక్టు. పుస్తకంల తప్పు వడ్డది."

"వడ్డదా? ఎవరేస్తే వడ్డది?"

"అట్ట మీద ఎవరి పేరున్నది?"

"మీది."

"అయితే నాదే."

అప్పుడు నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికి కాదు. అభ్యంతరాలకు ఇంకా రెండు రోజులు గడువుంది, రెండు జవాబులూ ఒప్పే అని మేడమ్ సంతకంతో ఒక ఉత్తరం పెడదాం, రామభక్తుడు ఉదాహరణ ఉండనే ఉంది, పుస్తకం పేజీ జతచేద్దాం అన్నాను. తెల్లకాగితాల ప్యాడ్ లాక్కుని అక్కడికక్కడే రాసేశాను. పిల్ల తన ఫోన్ నంబరు కింద రాసింది. ఆ పిల్ల మొహం వెలిగింది. నన్ను చూసి "దేవతలెక్క వచ్చిర్రు అక్కా" అంది. మేడమ్ ఉత్తరం చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"నేను సంతకం పెట్ట."

"మేడమ్!" అన్నాను.

"ముప్పై ఏండ్లు సప్తమి అని చెప్పి, ఇయ్యాల షష్ఠి గూడ అని ఎట్ల రాయాలె? నా పుస్తకానికి నా పుస్తకమే సాక్ష్యమా? పోనీ, నా మాట ఇని వాళ్ళు మార్కు ఇస్తిరనుకో. సరిగ్గ మూడు అని రాసిన ఇంకో పిల్ల ఉంటది. అంచు మీదనే ఉంటది. అచ్చంపేట ఎక్కితే ఆ పిల్ల దిగుతది. ఆ పిల్ల ఊరు నాకు తెల్వది గద."

పిల్ల లేచింది. కళ్ళల్లో నీళ్ళు లేవు, నిప్పులే. "మీ కొలువు మీరు చేసుకున్నరు మేడమ్. నాది మొదలే గాలే. తప్పు మీరు చేసి, నీతి నాకు చెప్తున్నరు."

"సాయంత్రం ఇంటికి రా. మళ్ళ పరీక్ష దాక నేను చెప్త. ఒక్క ముక్క తప్పు పోకుండ చెప్త."

"మీరు చెప్పింది చాలు."

మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వినబడింది. ఆ పిల్ల ఒక్కతే అభ్యంతరం పెట్టుకుందట. వాళ్ళు తోసేశారు. ఫలితాలు వచ్చాక తెలిసింది, సరిగ్గా ఆ ఒక్క ప్రశ్నకుండే అర మార్కుతో పోయింది.

పిల్ల వెళ్ళిన తర్వాత ఆ గదిలో మేమిద్దరమే మిగిలాం. "నేనే మార్చిన మేడమ్" అన్నాను.

"ఎరికే. నేను మూడు రాసిన. రెండు దానంతటదే అయితదా?"

"మరి ఆ పిల్లకు చెప్పలేదేంది?"

"అట్ట మీద నా పేరుంది, నీ పేరు లేదు."

"తిట్టరాదు నన్ను!"

"తిడితే నీకు నిమ్మళమైతది. గందుకే తిట్ట." కళ్ళజోడు కోసం బల్లంతా తడిమింది. తల మీదే ఉంది. నేను చెప్పలేదు. "చెప్పుకోవాలె అనిపిస్తే నువ్వే చెప్పుకో. నీ నోట్లె మాట నేను చెప్ప."

రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ తాగాం, కొట్లాడుకున్నాం, ప్రూఫులు దిద్దుకున్నాం. కానీ సాయంత్రం లైబ్రరీ నుంచి వస్తూ మా గల్లీ మొగదల నిలబడి, "అచ్చంపేట కబురేమన్న తెలిసిందా?" అని అడిగేది. తెలియదు అనేదాన్ని. "సరే" అని పోయేది. ఆ 'సరే' విని ఇంట్లోకి వచ్చి నేను పప్పు మాడ్చేదాన్ని, గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని, మా అమ్మతో కారణం లేకుండా తగువు పెట్టుకునేదాన్ని. అచ్చంపేట నంబరున్న కాగితం ప్రెస్సులో నా సొరుగులోనే ఉంది. అర మార్కు ఇప్పుడు చెబితే తిరిగొస్తుందా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పిల్ల మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. మేడమే మోస్తానంటుంటే మధ్యలో నాకేం అనుకున్నాను. వాదించడం వచ్చినవాళ్ళకు ఇదే రోగం, తమతో తాము వాదించినా గెలుస్తారు.

మొన్న వానాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అంబర్‌పేట శ్మశానంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. టీచర్లయినవాళ్ళు, గుమాస్తాలైనవాళ్ళు, ఇంకా ఏమీ కానివాళ్ళు. ఒకరినొకరు పలకరించుకోవడం విన్నాను. "నేను ఆర్మూర్." "నేను కొల్లాపూర్, తొమ్మిదో బెంచి." పేర్లు ఎవరూ చెప్పుకోలేదు. ఎవరికీ అది వింతగానూ అనిపించలేదు.

దేశభక్తురాలు అని రాయమంటాడు యజమాని. ఆమె ఏనాడూ ఆ మాట తన మీద వేసుకోలేదు. ఎవరైనా వేస్తే విప్పి చేతిలో పెట్టేది. నాకు కూడా పెట్టింది. పక్కవాళ్ళ వంతు గుంజుకోకపోవడమే భక్తి అయితే, ఊరు తెలియని ఆ రెండో పిల్ల వంతు కాపాడి, ఎదురుగా నిలబడ్డ పిల్ల చేత తిట్లు తిన్నది ఆమె. ఇంత చెప్పినా నాకింకా ఆమె మీద కోపమే. ఒక్క సంతకానికి అంత లెక్కా? ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూసి కూడా? ఇరవై ఏళ్ళు కొట్లాడిన మనిషి జవాబు చెప్పకుండా పోతే కొట్లాట ఎక్కడ ఆపాలో తెలియదు.

ఇవాళ పొద్దున ప్రెస్సుకు వెళ్ళి నాలుగు వాక్యాలు రాశాను. "ఈ పుస్తకం మొదటి ముద్రణలో దేశభక్తుడు అనే సమాసానికి జవాబు తప్పుగా అచ్చయింది. రచయిత్రి రాసింది సప్తమి, అదే సరైనది. దాన్ని షష్ఠిగా మార్చింది ప్రూఫులు దిద్దిన నేను. ఆ తప్పును రచయిత్రి తన పేరు మీదే ఉంచుకున్నారు." కింద నా పేరు పెట్టాను.

యజమాని చదివి తల పట్టుకున్నాడు. "మతి గిట్ల పోయిందా మేడమ్? వెనక అట్ట మీద తప్పు ఒప్పుకునే పుస్తకం ఎవడు కొంటడు?"

"ఎవడూ కొనకపోతే నేను కొంట. అచ్చుకు పంపుండ్రి."

పంపే ముందు ఒక పని మిగిలింది. ఆ పిల్ల అచ్చులో చూసి తెలుసుకోవాల్సిన మాట కాదది. సొరుగులోంచి కాగితం తీసి నంబరు నొక్కాను. నాలుగు రింగులకు ఎత్తింది. వెనక పిల్లల గోల. అచ్చంపేటలోనే ఏదో ప్రైవేటు బడిలో చెబుతోందట.

"నారాయణగూడ ప్రెస్సు నుంచి. ఆ రోజు ఉత్తరం..."

"యాదికున్నరు అక్కా! ఎట్ల మర్సిపోత? ఆ రోజు నా దిక్కు మాట్లాడింది మీరొక్కరే గద."

ఫోన్ పెట్టేయాలనిపించింది. కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చెప్పేశాను. ముందూ వెనకా ఏమీ కలపకుండా, ఆమె మూడు రాసిందనీ, నేను రెండు చేశాననీ.

ఆ పిల్ల ఎవరికో "ఒర్రకుండ్రిరా" అని చెప్పి పక్కకు వచ్చినట్టుంది, గోల తగ్గింది.

"మేడమ్ మూడే రాసిందా?"

"మూడే."

"ఆ రోజు మీరు పక్కనే కూసున్నరు గద అక్కా."

"కూసున్న."

"మేడమ్ పోయిందని వానకాలంల మా హాస్టల్ గ్రూపుల పెట్టిర్రు. చూసి బస్టాండ్ దాక పోయిన. పట్నం బస్సు ఉండె. తప్పు జేసి, సంతకం గూడ పెట్టని మనిషి చావుకు నేనెందుకు పోవాలె అనుకున్న. నా ముందలకెళ్ళే పోయింది బస్సు. మీరు అప్పుడే చెప్తే ఎక్కుతుంటి గద అక్కా."